బిట్‌ఎక్స్ ట్రాన్సీవర్: గొంతు సవరణ

హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ 2003లో రూపొందించిన, ఇంట్లో కట్టుకోదగ్గ హామ్ రేడియో సెట్ బిట్‌ఎక్స్. తొలి డిజైన్ 14 మెగాహెర్ట్జ్‌ది. కాయిళ్లు చుట్టడానికి కుళాయి వాషర్లు వాడుకోవచ్చన్నది దాని ముచ్చట.

మాట స్పష్టత చాలావరకు బీఎఫ్‌ఓ (బీట్ ఫ్రీక్వెన్సీ ఆసిలేటర్) చేతిలో ఉంటుంది. దాని ఫ్రీక్వెన్సీ క్రిస్టల్ ఫిల్టర్ పాస్‌బ్యాండ్‌లోకి చొరబడితే గొంతు బొంగురుపోతుంది. మరీ దూరం జరిగితే రేకు డబ్బాలో మాట్లాడినట్టుంటుంది. సుమారు 300 నుంచి 3000 హెర్ట్జ్ వరకు వెళ్తే మాటకు చాలు. మైకు ముందు మౌనంగా ఉన్నా పక్క రిసీవర్‌లో ఈల వినిపిస్తే అది కారియర్ లీకు. మాడ్యులేటర్‌లోని ప్రీసెట్‌నూ ట్రిమ్మర్‌నూ మార్చి మార్చి తిప్పుతూ దాన్ని అణచాలి.

మైకు గెయిన్ మరీ పెంచేస్తే కూడా మాట చీలుతుంది.

యాంటెన్నాకు బదులు 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ తగిలించి, పక్క రిసీవర్‌లో హెడ్‌ఫోన్‌తో వింటూ సవరించడం మేలు. ఇక బ్యాండ్ సంగతికొస్తే, ఉదాహరణకు మాచర్ల నుంచి హైదరాబాద్‌తో పగటిపూట మాట్లాడాలంటే 14 కంటే 7 మెగాహెర్ట్జ్ సెట్ అనువు. లైసెన్సు మాత్రం తప్పనిసరి.