75 కిలోల బస్తా, 20 కిలోల బార్: గోదావరి కండబలం కథ



మొన్న మా జిమ్‌లో ఒక కుర్రాడు డెడ్‌లిఫ్ట్‌లో మొదటిసారి 75 కిలోలు లేపాడు. అందరం చప్పట్లు కొట్టాం, ఫోన్లు తీసి వీడియోలు తీశాం. వాడి మొహం వెలిగిపోయింది. బయటికొస్తే ఎదురుగా ధాన్యం లారీ ఆగి ఉంది. జట్టు కూలీ ఒకాయన, యాభై దాటి ఉంటాయి, బస్తా వీపు మీద వేసుకుని చెక్క ఎక్కుతున్నాడు. మన గోదావరి జిల్లాల్లో ధాన్యం బస్తా అంటే 75 కిలోలే కదండీ, ఎకరాకి ఎన్ని బస్తాలు అని లెక్క చెప్పేది కూడా దాంతోనే. అంటే ఆయనా మావాడు ఎత్తినంతే ఎత్తుతున్నాడు. కాకపోతే అది ఆయనకి ఆ పూట ఎన్నో బస్తానో ఎవరూ లెక్కపెట్టట్లేదు. దించాక నడుం పట్టుకుని కాసేపు అలా వంగి నిలబడ్డాడు.

మన ఊళ్లలో ఒక మాట ఉంది, "బస్తాలు మోసేవాడికి జిమ్ ఎందుకురా" అని. మరి అదే బరువు ఒకరి నడుముని గట్టిపరుస్తుంటే ఇంకొకరి నడుముని ఎందుకు అరగదీస్తోంది? ఈ ఎపిసోడ్ దాని గురించే. దీనికి జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన డెల్టా మొదలైందే బరువులు మొయ్యడంతో. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. పేరు ఆర్థర్ కాటన్ దొరది. ఇక్కడి మనిషి వీణెం వీరన్న గారి పేరు కూడా కొంతమందికి గుర్తుంది. కానీ అంత రాయి, అంత మట్టి ఒడ్డుకి చేర్చింది క్రేన్లు కాదు, వేలమంది కూలీల భుజాలు. అందులో మట్టితట్టలు మోసిన ఆడవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత కాలవలొచ్చాయి, కాలవల్లో పడవలొచ్చాయి, పడవల్లోకి ధాన్యం బస్తాలొచ్చాయి. అంటే గోదావరిలో బలం అనేది ముందు పొట్టకూటి కోసం.

ఇంకో రకం బలం కూడా ఉండేది. అమలాపురం వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. దసరాకి అక్కడ చెడీ తాలింఖానా చూసే ఉంటారు. కొంకాపల్లి లాంటి వీధుల నుంచి వాహనాలు ఊరేగింపుగా బయల్దేరితే, ముందు కుర్రాళ్లు, పెద్దవాళ్లు కర్రలు, కత్తులు తిప్పుతూ వెళ్తారు. తాలింఖానా అంటే సాము నేర్పే చోటు. అక్కడ గురువు ఉంటాడు, ఒక వరస ఉంటుంది. మొదటిరోజే ఎవరి చేతికీ కత్తి ఇవ్వరు. దండీలు, బస్కీలు తీయించి, కర్ర ఇచ్చి, ఆ తర్వాతే కత్తి. ఈ వరస అనే మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బలానికి గ్లామర్ వచ్చింది. యూజిన్ శాండో అనే ప్రష్యా వస్తాదు 1904-05లో ఇండియా అంతా తిరిగి ప్రదర్శనలిచ్చాడు. మనం ఇప్పటికీ "శాండో బనియన్" అంటాం చూడండి, ఆ శాండోనే ఈయన. సరిగ్గా ఆ తరంలోనే మన ఉత్తరాంధ్ర నుంచి, వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు వచ్చారు. విజయనగరంలో వ్యాయామం నేర్పే మాస్టారుగా ఉండి, తర్వాత సర్కస్ పెట్టారు. ఒంటికి చుట్టిన ఇనప గొలుసుని ఊపిరి బిగబట్టి తెంపడం, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకోవడం ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే విన్యాసాలు. కలియుగ భీముడన్నారు జనం. తెల్లవాడి పాలనలో ఉన్న జనానికి ఆ గొలుసు తెగడం ఎలా అనిపించి ఉంటుందో ఆలోచించండి.

ఆ ఊపు రాజకీయాల్లోకి కూడా వచ్చింది. 1923 డిసెంబర్‌లో మన కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. డాక్టర్ ఎన్.ఎస్. హార్దికర్ నాయకత్వంలో వాలంటీర్ల దళం రూపుదిద్దుకుంది ఆ సభల్లోనే. అదే తర్వాత హిందుస్తానీ సేవాదళ్. డ్రిల్లు, కవాతు, క్రమశిక్షణ. బలమైన ఒళ్లు దేశం పని అయింది.

ఆ తర్వాత విజయవాడ నుంచి దండమూడి రాజగోపాలరావు గారు. జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ చాంపియన్. 1963లో వచ్చిన నర్తనశాలలో భీముడు ఆయనే. విజయవాడలో ఇండోర్ స్టేడియానికి పెట్టింది ఆయన పేరే. మన తాతల తరానికి కండలంటే ఆ భీముడే.

కానీ గమనించారా? శాండో, రామ్మూర్తి గారు, రాజగోపాలరావు గారు, వీళ్లందరినీ మనం పుట్టుకతో బలవంతులు అనుకున్నాం. వరప్రసాదం అనుకున్నాం. మామూలు మనిషి కూడా లెక్క ప్రకారం బలం పెంచుకోవచ్చని డాక్టర్ల ప్రపంచం నమ్మడానికి 1940లు రావాల్సి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో మోకాళ్లు దెబ్బతిన్న సైనికులకి అమెరికా ఆర్మీ డాక్టర్ థామస్ డెలోర్మ్ బరువులతో వైద్యం చేశాడు. 1945లో ఆ ఫలితాలు అచ్చేశాడు. ఆయన సూత్రం చాలా సింపుల్: నీకు ఎంత చేతనవునో కొలువు, అక్కడ మొదలుపెట్టు, బలం పెరిగే కొద్దీ బరువు పెంచు. మన తాలింఖానాలో ఉన్న వరసే అండి ఇది. ఆయన దానికి అంకెలు పెట్టాడు.

1990లో బోస్టన్‌లో ఇంకా ముందుకెళ్లారు. వృద్ధాశ్రమంలో ఉండే పదిమంది, సగటు వయసు 90. ఎనిమిది వారాలు కాళ్లకి బరువులతో వ్యాయామం. పూర్తి చేసిన తొమ్మిదిమందిలో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. చిన్న స్టడీనే, కానీ "ఈ వయసులో ఎందుకు" అనే మాటకి అది గట్టి జవాబు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. 2018లో చాలా స్టడీలు కలిపి చూసిన ఒక రివ్యూ వచ్చింది, దాదాపు 1,93,000 మంది డేటా. ఖాళీ సమయంలో చేసే వ్యాయామం ఆయుష్షుకి మంచిదని మనకి తెలిసిందే. కానీ ఉద్యోగంలోనే ఒళ్లొంచి కష్టపడే మగవాళ్లలో, తక్కువ శ్రమ ఉన్నవాళ్లతో పోలిస్తే, ముందే చనిపోయే రిస్క్ 18 శాతం ఎక్కువ కనిపించింది. పేదరికం, పొగతాగడం లాంటివి ఇందులో ఎంత కలిశాయన్న వాదన ఉంది, ఒప్పుకుంటాను. అయినా తేడా ఎక్కడుందో ఆలోచిస్తే అర్థమవుతుంది.

మా జిమ్ కుర్రాడు ఖాళీ బార్‌తో, అంటే 20 కిలోలతో మొదలుపెట్టాడు. వారానికి కొంచెం కొంచెం పెంచాడు. ఐదుసార్లు ఎత్తి మూడు నిమిషాలు కూర్చుంటాడు. రేపు రెస్ట్. నడుం పట్టేస్తే మానేస్తాడు. గుడ్లు, పప్పు తిని పడుకుంటాడు. కండ పెరిగేది ఎత్తేటప్పుడు కాదు, ఆ విశ్రాంతిలో. జట్టు కూలీకి మొదటిరోజు నుంచే 75. లారీ ఖాళీ అయ్యేదాకా ఆగడానికి లేదు. రేపు రాకపోతే కూలి రాదు. బరువు ఒకటే, కానీ బరువు మీద పెత్తనం ఒకరి చేతిలో ఉంది, ఇంకొకరి చేతిలో లేదు.

ఇది ప్రపంచానికి తెలియని విషయం కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మగ కార్మికుడి మోతకి 55 కిలోలు హద్దుగా సిఫార్సు చేసింది. మన ఫ్యాక్టరీల చట్టం 1948, సెక్షన్ 34 కూడా దెబ్బ తగిలేంత బరువు మోయించకూడదనే అనేది. బియ్యం బస్తాలు చాలావరకు 50 కిలోలకి వచ్చాయి. మన కళ్లాల దగ్గర ధాన్యం లెక్క మాత్రం ఇంకా 75 దగ్గరే ఉంది.

ఇంకొక్క మాట, ఆడవాళ్ల గురించి. ఆనకట్ట నాడు మట్టితట్ట, ఈనాడు వరి మోపు, వాటికి ఎవరూ అడ్డు చెప్పలేదు. బార్ పట్టుకుంటే మాత్రం "ఆడపిల్లకెందుకు" అన్నారు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే 2000లో, సిడ్నీలో. ఆ మొదటిసారే శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆఖరి ప్రయత్నంలో బంగారం కోసం 137.5 అడిగింది, అది తప్పింది. కానీ ఎంత ఎత్తాలో ఆమె వైపు వాళ్లే తేల్చుకున్నారు. నేను చెప్తున్నది ఆ పెత్తనం గురించే.

కాబట్టి రెండు పనులండి. ఒకటి, ఇంట్లో అమ్మమ్మతో సహా అందరూ వారానికి రెండు రోజులైనా బలం పెంచే వ్యాయామం చేయండి. పెద్దవాళ్లయితే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చున్నా మొదలైనట్టే. రెండోది, ఈసారి మాసూళ్లప్పుడు మీ కళ్లంలో బస్తా 50 కిలోలకి కుట్టించండి. రేటు కిలోల్లోనే కట్టుకోవచ్చు, ధాన్యం ఏమీ తగ్గదు. ఒకాయన నడుం మాత్రం ఇంకో పదేళ్లు నిలబడుతుంది.

ఉంటానండి.