గోదావరి తేమలో కాగితం

కోరుకొండ లక్ష్మీనరసింహస్వామి కొండమీద 14వ శతాబ్దపు ముమ్మడి నాయకుని కాలం రాతికెక్కినా, ఆ సీమలో గ్రంథం బతికింది తాటాకుమీదనే. గంటంతో గీసి మసి పూసిన ఆకులకు తేమా పురుగూ సోకకుండా నూనె రాసి, చెక్క పలకల నడుమ బిగించి, గుడ్డలో చుట్టి దాచేవారు. అచ్చుతో కాగితం వచ్చాక ఆ జాగ్రత్త మరో రూపంలో ముద్రాపకులకు సంక్రమించింది.

కందుకూరి వీరేశలింగం 1874లో ప్రారంభించిన 'వివేకవర్ధని' పత్రిక మొదట మద్రాసులో అచ్చయి, తరువాత కోరుకొండకు సుమారు 20 కిలోమీటర్ల దూరాన ఉన్న రాజమహేంద్రవరంలో ఆయన నెలకొల్పిన ముద్రాక్షరశాలకు మారింది. అదే ఊరిలో 1924లో కర్నాటిక్ పేపర్ మిల్స్‌గా మొదలై, 1964లో ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్‌గా మారి, నేడు ఆంధ్రా పేపర్‌గా పిలవబడుతున్న మిల్లు ఒకప్పుడు అడవి వెదురును, తరువాత రైతులు పెంచే సరుగుడు, సుబాబుల్ కలపను గుజ్జు చేసి కాగితం తీసింది. అయితే కాగితం గోదావరి ఒడ్డునే పుట్టినంత మాత్రాన గోదావరి గాలికి అతీతమైనది కాదు.

కాగితంలోని నారలు గాలిలోని తేమను పీల్చినప్పుడు పొడవుకన్నా అడ్డంగా ఎక్కువ ఉబ్బుతాయి. అందుచేత వానాకాలంలో విప్పి ఉంచిన దొంతర అంచులు అలలుగా లేచి, యంత్రంలో రెండు తావులు కలిసి పోవడమో, రంగుల అచ్చులో ఒక రంగు మరొకదానిపై సరిగా కూర్చోకపోవడమో జరుగుతుంది. నారలు సాగిన వరుసను ముద్రాపకులు గ్రెయిన్ అంటారు; తావును చించినప్పుడు ఆ వరుసవెంట చీలిక తిన్నగా సాగుతుంది, అడ్డంగా చించితే వంకరపోతుంది. పుస్తకంలో ఈ వరుస వెన్నుకు సమాంతరంగా ఉండాలి, లేకుంటే పుటలు బిర్రుగా నిలిచి తెరుచుకోవు.

కాగితం ఎంపికలో బరువు ఒక్కటే చాలదు. తెలుగు లిపికి పంక్తి పైన గుడులు, కింద ఒత్తులు ఉన్నందున, పలుచని తావులో వెనుక పుట ఒత్తులు ముందు పుట పంక్తుల నడుమ నీడలుగా తేలి చదువరిని బాధిస్తాయి; కాబట్టి వెలుతురుకు అడ్డుపట్టి చూసి, అవతలి అక్షరం కనబడని కాగితాన్నే కోరడం సమంజసం. ఒకనాడు 24 తావుల దస్తాలు 20 కలిపి 480 తావులకు, నేడు 500 తావులకు రీము అనే లెక్కలో వచ్చే ఈ సరుకును పై చుట్ట విప్పకుండా, నేలకు ఎత్తుగా చెక్కలమీద, తడి గోడలకు ఎడంగా, నిలువుగా కాక పరచి పేర్చాలి; చల్లని గది నుంచి తెచ్చిన కట్టను అచ్చుగది గాలికి సర్దుకున్నాకే విప్పాలి. ఇంటి ప్రింటరుకూ ఇదే వర్తిస్తుంది: లేజరు యంత్రపు వేడి తేమపట్టిన తావును చుట్టుకుపోయేలా చేస్తుంది గనుక, మిగిలిన కాగితాన్ని ట్రేలో వదలక తిరిగి దాని పొట్లంలోనే మూసి ఉంచాలి.