లైను

పొద్దున్న లేచింది మొదలు 'లైను' అనే మాట ఎన్నిసార్లు అంటామో ఎప్పుడైనా లెక్కపెట్టారా? కుళాయి దగ్గర లైను, ఫోను లైను, కరెంటు లైను, పిల్లవాడు చదువులో ఏ లైను తీసుకున్నాడన్న బెంగ. చదువురాని ముసలమ్మ కూడా దీనికి అర్థం అడగదు.

దీని పుట్టుక గుడ్డలో వుంది. అవిసె గింజలిచ్చే మొక్కకి లాటిను భాషలో లీనుం అని పేరు. దాని నారతో తీసిన దారం లీనియా. తాపీమేస్త్రి దారం బిగించి గోడ కడతాడు కదా, అలా బిగించిన దారమే గీతకి పేరైంది. మనం జాకెట్టుకి వేయించే లైనింగూ ఆ మొక్క సంతానమే.

ఇక పలాస, టెక్కలి వైపు వెళదాం. అక్కడ యీ మాటకి మొదటి అర్థం రైలు పట్టాలే. 1893-96 నడుమ తూర్పుతీరం వెంట పెద్ద లైను పడింది. పర్లాకిమిడి రాజావారు తమ వూరికీ బండి కావాలనుకున్నారు. నౌపడా నుంచి టెక్కలి మీదుగా రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు వేయించారు. 1900లో బండి నడిచింది, 1931లో గుణుపురం చేరింది. 2004లో ఆ చిన్నబండి ఆగిపోయి, పట్టాలు వెడల్పు చేశాక 2011 నాటికి మళ్ళీ గుణుపురం దాకా రైలు తిరిగింది. ఈ మధ్యలో ఇంకో లైను పడింది చూడండి. అది నేల మీద కనబడదు. 1936లో ఒరిస్సా వేరుపడ్డప్పుడు గీసిన సరిహద్దు. పర్లాకిమిడి అటు పోయింది, పక్కనున్న పాతపట్నం ఇటు మిగిలింది. చుట్టరికాలు మాత్రం గీత మీద ఆగుతాయా!

అంతకు ముందే గంజాం, విశాఖ జిల్లాల వాళ్ళు ఎందరో ఓడలెక్కి మలయా రబ్బరు తోటలకి పోయారు. అక్కడ కూలీల కోసం ఒకే కప్పు కింద వరసగా కట్టిన గదుల్ని లైన్లు అనేవారు. అంటే అక్కడ లైనంటే ఇల్లు! వంటా, పురుడూ, చావూ అన్నీ ఆ ఒక్క గదిలోనే. నాకు యీ అర్థమే అన్నిటికన్నా బరువుగా తోస్తుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు వేలల్లో పడ్డాయి. "లైను పోనాదమ్మా" అంటే ఆ రోజుల్లో దీపం ఒక్కటే కాదు, మోటారూ లేదు, నీళ్ళూ లేవు.

నీళ్ళ మాట వచ్చింది గనక చెబుతాను. ఉద్దానం పల్లెల్లో ఏళ్ళ తరబడి మూత్రపిండాల జబ్బు మనుషుల్ని తీసుకుపోతోంది. కారణం ఇదమిత్థమని వైద్యులు తేల్చలేదు. జనం అనుమానం మాత్రం ముందు నుంచీ తాగే నీటి మీదే. సోంపేట, కవిటి, పలాసల్లో రక్తం శుద్ధిచేసే కేంద్రాలున్నాయి. అక్కడ నర్సు "లైను పెట్టాలి" అంటే రక్తనాళంలోకి గొట్టం ఎక్కించాలని అర్థం. కడుపు కోసం మలయా తోటల్లో లైన్లకి పోయిన జిల్లాలో, ఇప్పుడు ప్రాణం కోసం యీ లైను.

2023 డిసెంబరు 14న హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్ళు తెచ్చే పథకం ప్రారంభమైంది. పలాసలో కిడ్నీ ఆసుపత్రి కూడా అదే రోజున తెరిచారు. గొట్టాల లైను భూమిలో పడింది, సంతోషం. కానీ గొట్టం పడటం వేరు, కుళాయి తిప్పితే రోజూ నీళ్ళు రావటం వేరు. ఏ రోజు వచ్చాయో, ఏ రోజు రాలేదో బిందె పట్టుకున్న ఆ వూరి ఆడవాళ్ళని అడగండి, చెబుతారు.