చిత్రమునకు, తెరకు నడుమ దుబాసీ

తాతల కాలపు ఛాయాచిత్ర మొకటి పెట్టె అడుగున దొరకును. అంచులు చిరిగి, ముఖముపై మరకలు పడి ఉండును. దానిని స్కానరు ద్వారా కంప్యూటరులోనికి తీసికొని, ఒక్కొక్క మరకనే తుడుచుచు రెండు గంటలు శ్రమించిన పిమ్మట, చిత్రమును పెద్దదిగా చేసి చూడబోవు క్షణమున అంతయు మాయమగును. ఒక్కొక్కప్పుడు తెర నల్లబడి మరల వెలుగును. ఒక్కొక్కప్పుడు యంత్రమే నిలిచిపోవును. శ్రమపడినవారు ఫోటోలు దిద్దు సాఫ్ట్‌వేరును నిందింతురు. దానిని తీసివేసి తిరిగి స్థాపింతురు. అయినను అదియే మరల జరుగును. అత్త మీది కోపము దుత్త మీద చూపినట్లు, తప్పొకరిది, దండన వేరొకరికి అగుచున్నది.

క్రాష్ అని వాడుకలో నున్న ఈ పతనమునకు కారణము పెక్కుమారులు సాఫ్ట్‌వేరు గాని, యంత్రము గాని కాదు. ఆ రెంటి నడుమ నిలిచిన గ్రాఫిక్స్ కార్డు డ్రైవరు. డ్రైవరనగానే బండి తోలువాడు స్ఫురించును గాని, ఇచ్చట దాని పని దుబాసీతనము. పూర్వము చెన్నపట్టణమున కంపెనీ దొరలకును దేశీయ వర్తకులకును నడుమ దుబాసీలుండి, ఒకరి మాట నొకరికి తెలియజేసి వ్యవహారము నడిపెడివారు. అట్లే సాఫ్ట్‌వేరు కోరినదానిని గ్రాఫిక్స్ కార్డునకు అర్థమగు ఆజ్ఞలుగా మార్చి చెప్పునది డ్రైవరు. ఇట్టి మధ్యవర్తి చిత్రకళలోనికి ఎట్లు ప్రవేశించెనో, దానికి అంతటి అధికార మెట్లు సంక్రమించెనో తెలిసినచో, పతనము కలిగినపుడు ఎచ్చట వెదకవలెనో కూడ తెలియును. ఆ చరిత్రనే ఇచ్చట మనవి చేయబూనినాము.

ఈ కథ 1987లో ప్రారంభమైనది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థిగా నున్న థామస్ నోల్, తన మెకింటాష్ ప్లస్ యంత్రముపై ఒక చిన్న ప్రోగ్రాము వ్రాసెను. ఆ యంత్రపు తెర నలుపును, తెలుపును మాత్రమే చూపగలదు. దానిపై బూడిదరంగు ఛాయలుగల చిత్రములను చూపవలెనన్నదియే ఆయన తొలి యత్నము. తండ్రిగారి చీకటిగదిలో ఫోటోలు కడుగుట నేర్చిన అనుభవ మాయనకు కలదు. చలనచిత్రములలో మాయాదృశ్యములు కల్పించు సంస్థలో పనిచేయుచుండిన సోదరుడు జాన్ నోల్ తోడురాగా ఆ ప్రోగ్రాము పెరిగి పెద్దదై, అడోబీ సంస్థ ద్వారా 1990 ఫిబ్రవరిలో ఫోటోషాప్ అను పేర వెలువడెను.

ఆనాటి ఫోటోషాపునకు గ్రాఫిక్స్ కార్డుతో నిమిత్తము స్వల్పము. లెక్క అంతయు కంప్యూటరు ముఖ్య ప్రాసెసరే చేసెడిది. తేలిన ఫలితమును తెరపై చూపుటతో కార్డు పని తీరిపోయెడిది. పని మందకొడిగా సాగెడిది; చిత్రము పెద్దదైనచో జ్ఞాపకసీమ చాలెడిది కాదు. కాని తప్పు జరిగినపుడు వెదకవలసిన చోట్లు కొద్ది. దుబాసీ ఉన్నను, వాని చేతిలో పెద్ద వ్యవహారములు లేవు.

వ్యవహారము పెరుగుటకు కారణము వేగముపై మక్కువ. మైక్రోసాఫ్టువారి విండోస్ ఎన్.టి. అను వ్యవస్థ 1993లో వెలువడినపుడు, దాని నిర్మాతలు తెరపై బొమ్మలు గీయు భాగమును, దాని డ్రైవరును కెర్నెల్ అను అంతర్భాగమునకు వెలుపల నుంచిరి. కెర్నెల్ అనగా జ్ఞాపకసీమపైనను, యంత్రముపైనను సర్వాధికారముగల గది. వెలుపలనున్నవాడు తప్పు చేసినను లోగదికి హాని తక్కువ. అయితే ప్రతి చిన్న పనికిని వాకిలి దాటి లోనికి కబురంపవలసి వచ్చుటచే ఆలస్యము జరిగెడిది. 1996లో వచ్చిన ఎన్.టి. 4.0లో ఈ ఏర్పాటును మార్చిరి. దుబాసీని వసారా నుండి లోగదిలోనికి పిలిచి, తాళపుచెవులు చేతికిచ్చిరి. తెర చురుకైనది. కాని ఆనాటి నుండి గ్రాఫిక్స్ డ్రైవరు చేసిన ఒక్క పొరపాటు యావత్తు వ్యవస్థను పడగొట్టగలిగెను. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడను సామెత ఇచ్చట చక్కగా వర్తించును. 2001లో విండోస్ ఎక్స్‌పీ రాకతో ఈ ఏర్పాటే సామాన్య గృహములలోనికి ప్రవేశించినది.

అదే కాలమున గ్రాఫిక్స్ కార్డులును రూపు మారినవి. 1999లో ఎన్‌విడియా సంస్థ జీఫోర్స్ 256ను విడుదల చేసి, దానిని జీపీయూ అని ప్రచారము చేసెను. నాటి నుండి కార్డు కేవలము చూపునది కాక, స్వయముగా లెక్కించు యంత్రమైనది. ఈ పరుగునకు ప్రేరణ ఛాయాచిత్రకళ కాదు, కంప్యూటరు ఆటలు. కొత్త ఆట వచ్చినప్పుడెల్ల డ్రైవరును సవరించుట, సెకనుకు మరికొన్ని బొమ్మలు అదనముగా చూపునట్లు దానిని మలచుట పరిపాటియైనది. ఇట్లు తరచుగా మారుచు, పరిమాణమున పెరుగుచు, లోగదిలో కూర్చున్న వస్తువులో దోషములు మిగులుట వింత కాదు.

పండితులు దీనిని లెక్కలతో నిరూపించిరి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2001లో లైనక్సు వ్యవస్థను పరిశీలించి, డ్రైవర్లలో దోషముల పాలు కెర్నెల్ లోని మిగిలిన భాగములకంటె 3 నుండి 7 రెట్ల వరకు అధికమని తేల్చిరి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో ప్రకటించిన వ్యాసమున, విండోస్ ఎక్స్‌పీలో ఆనాటికి ఇటీవల నమోదైన వైఫల్యములలో నూటికి 85 డ్రైవర్ల వలన కలిగినవేనని పేర్కొనిరి. ఇది గ్రాఫిక్స్ డ్రైవర్లకే గాక, అన్ని జాతుల డ్రైవర్లకును కలిపి చెప్పిన లెక్క. అయినను మధ్యవర్తి ఎంత దుర్బలమైన లంకెయో అది స్పష్టము చేయుచున్నది.

తాళపుచెవులను కొంతవరకు వెనుకకు తీసికొన్నది విండోస్ విస్టా. 2007 జనవరిలో ప్రజలకు అందిన ఈ వ్యవస్థలో గ్రాఫిక్స్ డ్రైవరును రెండుగా చీల్చిరి. ఎక్కువ పని చేయు భాగమును లోగది వెలుపల నుంచి, చిన్న భాగమును మాత్రము లోపల నిలిపిరి. అంతటితో ఆగక ఒక కావలిని కూడ పెట్టిరి. అప్పగించిన పనిపై కార్డు 2 సెకన్లలో స్పందింపనిచో, వ్యవస్థ దానిని నిలిపివేసి డ్రైవరును పునరుద్ధరించును. తెర నల్లబడి మరల వెలుగుటలోని రహస్య మిదియే. పూర్వమైనచో యంత్రమంతయు నిలిచిపోవలసినది. ఇప్పుడు కనురెప్పపాటు చీకటితో గండము గడచును.

కాని ఈ మార్పు వలన డ్రైవర్లను క్రొత్తగా వ్రాయవలసివచ్చినది. తొందరలో వ్రాసినవి తప్పటడుగులు వేసినవి. అమెరికాలో నడచిన వ్యాజ్యమొకదానిలో 2008లో బయల్పడిన మైక్రోసాఫ్టు పత్రములను బట్టి, 2007లో లెక్కకు వచ్చిన విస్టా పతనములలో నూటికి సుమారు 29 ఎన్‌విడియా డ్రైవర్లకు చెందినవి. ఇతర కార్డుల డ్రైవర్లును, మైక్రోసాఫ్టువారి సొంత డ్రైవర్లును ఆ పట్టికలో లేకపోలేదు.

ఇట్టి సంధికాలమున ఫోటోషాప్ గ్రాఫిక్స్ కార్డు సాయము కోరెను. 2008 అక్టోబరులో వెలువడిన సి.ఎస్.4 అను రూపమున చిత్రమును ఏ ప్రమాణమునకైనను నునుపుగా పెంచుట, కాగితమును చేతితో త్రిప్పినట్లు తెరపై త్రిప్పుట, ఒక్క విసురుతో ప్రక్కకు జరుపుట సాధ్యమైనవి. 2012లో వచ్చిన సి.ఎస్.6 మరింత ముందునకు పోయి, చిత్రమును మసకపరచు కొన్ని ప్రక్రియల లెక్కలను కూడ కార్డుకే అప్పగించెను. 2015లో లైట్‌రూము సైతము ఆ బాట పట్టినది. ప్రాసెసరు చేయుచుండిన పని చాలవరకు దుబాసీ ముఖముగా నడువసాగెను.

"మా యంత్రముపై పెద్ద పెద్ద ఆటలు చక్కగా నడచుచున్నవి, ఫోటో తెరచినప్పుడే ఏల కూలవలెను?" అని కొందరు ప్రశ్నింతురు. ఆట తన పనిని చిన్న చిన్న ముక్కలుగా, సెకనుకు అనేక పర్యాయములు పంపును. ఫోటో సాఫ్ట్‌వేరు కోట్లకొలది బిందువులుగల చిత్రముపై ఒక్క దీర్ఘమైన లెక్కను పంపవచ్చును. ఆ లెక్క 2 సెకన్లు మించినచో, తప్పెవరిదియు లేకున్నను కావలివాడు కల్పించుకొనును. కార్డు మరల మేల్కొనును గాని, అంతవరకు దానిలో దాచిన చిత్రభాగములు పోవును. ఆ నష్టమును తట్టుకొనుటకు సిద్ధముగా లేని సాఫ్ట్‌వేరు కూలిపోవును. అదియు గాక, ఆటలు నడచు బాటలను డ్రైవరు నిర్మాతలు నిత్యము ఊడ్చి చక్కబెట్టుచుండగా, చిత్రకారులు నడచు బాటలలో ముండ్లు మిగిలిపోవుట కలదు.

అనుభవము మీద నిర్మాతలు జాగ్రత్తలు నేర్చిరి. ఫోటోషాప్ తెరచుకొను వేళ ఒక చిన్న సహాయక ప్రోగ్రామును ముందుగా పంపి కార్డును పరీక్షించు పద్ధతి ఏర్పడినది. ఆ సహాయకుడు కూలినచో, ఫోటోషాప్ కార్డు జోలికి పోక, ప్రాసెసరుతోనే పని సాగించును. నూతిలో దిగుటకు ముందు దీపము దించి గాలిని పరీక్షించుట వంటిదే ఈ ఉపాయము. 2019లో ఎన్‌విడియావారు ఆటలకొక డ్రైవరును, చిత్రకారులు మొదలగు సృజనకారులకు స్టూడియో అను పేర మరియొక డ్రైవరును వేరుచేసిరి. రెండవది తరచుగా మారదు. ఫోటో, వీడియో సాఫ్ట్‌వేరులతో పరీక్షింపబడి వచ్చును.

ఈ చరిత్ర నుండియే పరీక్షాక్రమము కూడ తేలుచున్నది. మొదటిది, దుబాసీని తప్పించి చూచుట. సాఫ్ట్‌వేరు అభిరుచుల పట్టికలో గ్రాఫిక్స్ ప్రాసెసరును ఉపయోగించుటను గూర్చిన గుర్తును తీసివేసి, సాఫ్ట్‌వేరును మూసి తెరచి, వెనుక కూలిన పనినే మరల చేయవలెను. అప్పుడును కూలినచో దోషము బహుశః వేరొకచోట నున్నది. కూలనిచో అనుమానము డ్రైవరుపైనను, కార్డుపైనను నిలుచును.

రెండవది, పతనము ఎన్నడు మొదలైనదో జ్ఞప్తికి తెచ్చుకొనుట. డ్రైవరు మారిన మరునాడే మొదలైనచో, విండోస్ లోని డివైస్ మేనేజరు ద్వారా పూర్వపు డ్రైవరునకు మరలవచ్చును. చిరకాలముగా డ్రైవరు మారనిచో, కార్డు నిర్మాత నుండి గాని, ల్యాప్‌టాప్ నిర్మాత నుండి గాని క్రొత్తది తెచ్చి, పాతదాని శేషములను తొలగించి స్థాపింపవలెను. కొన్ని ల్యాప్‌టాప్‌లలో రెండు గ్రాఫిక్స్ యంత్రములుండును. సాఫ్ట్‌వేరు ఏ యంత్రముతో మాటలాడుచున్నదో చూడవలెను.

మూడవది, వ్యవస్థ వ్రాసియుంచిన పతనవృత్తాంతమును చదువుట. విండోస్ లోని ఈవెంట్ వ్యూయరున పతనము జరిగిన ఫైలు పేరుండును. ఆ పేరు ఎన్‌వి అను అక్షరములతో మొదలైనచో అది ఎన్‌విడియా డ్రైవరు కావచ్చును. అయితే శవము దొరికిన ఇంటివాడే హంతకుడని తీర్పు చెప్పరాదు. సాఫ్ట్‌వేరు పంపిన తప్పు లెక్క వలన డ్రైవరు కూలియుండవచ్చును. కార్డు మితిమీరి వేడెక్కినను, విద్యుత్తు చాలకున్నను లక్షణము లిట్లే ఉండును. కావుననే సాఫ్ట్‌వేరు, డ్రైవరు, కార్డు అను మూడింటిని ఒకేమారు మార్చక, ఒక్కొక్కదానినే మార్చి చూడవలెను. అన్నియు నొక్కసారి మార్చినవారికి రోగము కుదిరినను, ఏ మందుచే కుదిరెనో తెలియదు.

గ్రాఫిక్స్ కార్డును ఎల్లకాలము విడిచిపెట్టుడని మా అభిప్రాయము కాదు. నిమిషములు పట్టెడి పనులను అది క్షణములలో ముగించుచున్నది. ఆ మేలు నిజమైనది. కాని ఆ వేగము సాఫ్ట్‌వేరు సొత్తు కాదు. ఒకరు తయారుచేసిన కార్డు నుండి, మరియొకరు నడపు వ్యవస్థ గుండా, దుబాసీ మాటమీద తెచ్చుకొన్న అరువు. పతనము జరిగినపుడు ముగ్గురును ఒకరివైపొకరు వ్రేలు చూపుకొందురు. చిత్రమెవరిదో నష్టము వారిదే. సాక్ష్యము చేతనున్నవారి మాటను త్రోసిపుచ్చుట ఆ ముగ్గురిలో ఎవరికిని సులభము కాదు. కనుక పది నిమిషముల కొకమారు పని భద్రపరచుకొనుచు, ఏ మార్పు తరువాత ఏమి జరిగెనో తేదీతో సహా ఒక కాగితముపై వ్రాసియుంచుట మేలు.