‘యారో’ను కూల్చిన దెవరు?

పెద్ద విమాన పథకాలు మధ్యలో రద్దయినప్పుడల్లా రెండు సమాధానాలు వినబడతాయి. ఖర్చు భరించలేకపోయామని ప్రభుత్వాలంటాయి. సామ్రాజ్యవాదుల కుట్ర అని మనలో కొందరం అంటాం. కెనడా ‘యారో’ విమానం విషయంలో నేనూ చాలాకాలం ఆ రెండో మాటే నమ్మాను. ఇప్పుడు అది సగం నిజమే ననిపిస్తున్నది.

ఉత్తర ధ్రువం మీదుగా రాగల సోవియట్ బాంబర్లను అడ్డుకోవడానికి, టొరాంటో దగ్గర మాల్టన్‌లో ఆవ్రో కంపెనీ యీ యుద్ధ విమానాన్ని తయారుచేసింది. 1957 అక్టోబరు 4న దాన్ని జనానికి చూపించారు. స్పుత్నిక్ ఆకాశాని కెక్కింది కూడా ఆ రోజే! రాకెట్ల యుగంలో యీ విమానం యెందుకన్న ప్రశ్న దానితోపాటే పుట్టింది.

విమానం మాత్రం గొప్పదే. 1958 మార్చి 25న మొదటిసారి యెగిరింది. తరువాత ధ్వనికి దాదాపు రెట్టింపు వేగం అందుకున్నది. చిక్కంతా పథకంలో వున్నది. విమానం, ఇంజను, గురిచూసే యంత్రాంగం, క్షిపణి—నాలుగూ వొక్కసారే కొత్తగా తయారు కావాలన్నారు. ఖర్చు పెరిగింది. ఖర్చు పెరిగితే విమానాల సంఖ్య తగ్గిస్తారు. సంఖ్య తగ్గితే వొక్కొక్కదాని ధర మళ్లీ పెరుగుతుంది. కొనేది కెనడా ప్రభుత్వ మొక్కటే. అమెరికా, బ్రిటన్ కొనడానికి ముందుకు రాలేదు.

1959 ఫిబ్రవరి 20న ప్రధాని డీఫెన్‌బేకర్ పథకాన్ని రద్దుచేశాడు. ఆ రోజే 14,000 మందికి పైగా ఉద్యోగులు వీధిన పడ్డారు. యెగిరిన అయిదు విమానాలనూ ముక్కలు చేసి తుక్కు కింద అమ్మారు. అంతకుముందే ప్రభుత్వం అమెరికా బొమార్క్ క్షిపణులను యెన్నుకున్నది. వాటికి అణ్వాయుధాలు తగిలించాలా వద్దా అన్న వివాదంలోనే 1963లో డీఫెన్‌బేకర్ ప్రభుత్వం కూలింది.

యుద్ధ విమానం పోయిందని నేను కన్నీరు కార్చను. నా బాధ మరొకటి. ఇదే కర్మాగారంలో 1949 ఆగస్టులో ‘జెట్‌లైనర్’ అనే ప్రయాణీకుల విమానం యెగిరింది. ప్రపంచంలో అంతకుముందు యెగిరిన ప్రయాణీకుల జెట్ విమానం బ్రిటన్ ‘కామెట్’ వొక్కటే. అదీ రెండు వారాల ముందు. కొనవలసిన విమాన సంస్థ అప్పటికే వెనుకాడిన మాట నిజం. కాని చివరి దెబ్బ కొట్టింది కొరియా యుద్ధం. యుద్ధ విమానాల ఉత్పత్తి మీదనే దృష్టి పెట్టాలని 1951లో ప్రభుత్వం ఆజ్ఞాపించింది. జెట్‌లైనర్ మూలపడింది, 1956లో దాన్నీ కోసేశారు.

అందుచేత మాల్టన్ పనివాళ్ల మీద వేటు 1951లోనే పడిందంటాను. వాళ్ల నేర్పునంతా వొకే ఆయుధానికి, వొకే కొనుగోలుదారుకు తాకట్టు పెట్టిన తరువాత, దాన్ని రద్దుచేయడానికి వొక్క సంతకం చాలింది. ఆ సంతకంలో వాళ్ల మాటకు చోటు లేదు. కుట్రల కోసం వెతికే ముందు మనం అడగవలసిన ప్రశ్న ఇది: యేమి తయారుచేయాలో నిర్ణయించేటప్పుడు, తయారుచేసేవాడు యెక్కడ వున్నాడు?