వైట్‌ఫీల్డ్‌లో తెల్ల పొలం లేదు

మొన్న ఉగాదికి వచ్చినప్పుడు అక్క కొడుకు అడిగినాడు: "మామా, వైట్‌ఫీల్డ్ అంటే తెల్ల పొలమా? అక్కడ పత్తి పండేదా?" చిన్నప్పుడు నేనూ అట్లే అనుకున్నా. మాది కన్నడ మీడియం బడి. ఇంగ్లీషు మాట కనిపిస్తే రెండు ముక్కలు చేసి అర్థం చెప్పుకునేవాళ్లం.

అక్కడ వైట్ అన్నది రంగు కాదు, ఒక మనిషి పేరు. డి.ఎస్. వైట్ మద్రాసులో ఆంగ్లో-ఇండియన్ల సంఘం పెట్టిన పెద్దమనిషి. తమవాళ్లు సర్కారు ఉద్యోగాలనే నమ్ముకోకుండా సేద్యం చేసుకుని బతకాలని ఆయన కోరిక. 1882లో మైసూరు మహారాజు పదో చామరాజేంద్ర ఒడెయరు అందుకు దాదాపు 4,000 ఎకరాలు ఇచ్చినారు. నడుమ మైదానం, దాని చుట్టూ గుండ్రంగా ఇళ్లు. 'ఇన్నర్ సర్కిల్' అని ఆ వీధిని ఇప్పటికీ పిలుస్తారు. అదే భూమిలో సాస్‌మండ్ అని ఇంకో ఊరు కూడా వేసినారు. ఆ పేరు మా పక్క ఎవరి నోటా నేను వినలేదు.

స్వాతంత్ర్యం వచ్చినాక చాలా కుటుంబాలు ఇంగ్లండుకో ఆస్ట్రేలియాకో పోయినాయి. పేరు మాత్రం ఉండిపోయింది, ఉండటమే కాదు పెరిగింది. కాడుగోడిలో ఉన్న రైలు స్టేషన్‌కు అదే పేరు. సత్యసాయిబాబా బృందావనం ఆశ్రమమూ కాడుగోడిలోనే, కానీ పుట్టపర్తి నుంచి వచ్చే మన తెలుగు భక్తులకు అది 'వైట్‌ఫీల్డ్ ఆశ్రమం'. 1990ల్లో పట్టందూరు అగ్రహారం పొలాల్లో ఐటీపీఎల్ లేచినాక ఇంక చెప్పేదేముంది! పక్క ఊళ్లన్నీ ఆ పేరు కిందికే వచ్చేసినాయి.

జేజి పుట్టినూరు గుంజూరు. ఇప్పుడు అక్కడి అపార్ట్‌మెంట్ల ప్రకటనల్లోనూ వైట్‌ఫీల్డే. నేను టెస్టర్ని, తప్పులు పట్టడమే నా పని. దీన్ని మాత్రం ఏ తప్పు కింద రాయాలో తెలీదు. "మా ఊరు యాడికీ పోలేదు, పేరే పోతా ఉంది" అంటుంది జేజి.

2023లో మెట్రో వచ్చినప్పుడు నల్లూరహళ్లి, పట్టందూరు అగ్రహారం అని స్టేషన్ బోర్డులు చూసి సంతోషపడినా. చివరి స్టేషన్ పేరు వైట్‌ఫీల్డ్, బ్రాకెట్‌లో కాడుగోడి. జేజికి చెప్తే, "బ్రాకెట్ అంటే ఏంది?" అనింది.

వాళ్ల నాయన భూమి పత్రంలో గుంజూరు గ్రామం, వర్తూరు హోబళి అని ఉంటుంది. ఆ పత్రం మనవాళ్లలో ఎవరి దగ్గర ఉన్నా ఒక ఫోటో తీసి పంపండి.