దత్తమండలాల సర్వే, తూర్పు తీరపు కాపలా

సర్ థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. అప్పటికి ఆయన మద్రాసు గవర్నరు. పదవి దిగి స్వదేశం వెళ్లేముందు తాను పూర్వం పాలించిన సీమను ఒకసారి చూసిపోదామని వచ్చాడు. ఆయన జ్ఞాపకార్థం ఊళ్లో బావి తవ్వించి, తోపు వేయించారు.

సముద్రానికి ఇంత ఎడంగా ఉన్న ఊరికి రేవుల కాపలాతో ఏం పని అనిపించవచ్చు. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న మన్రో, ఈ మెట్టసీమలో చేలను కొలిపించి, రైతు పేరు, భూమి తరం, శిస్తు లెక్కకెక్కించాడు. మారుమూల పల్లెలో ఎవరి చేను ఎంతో తెలుసుకున్న ఆ కుంపిణీ ప్రభుత్వానికే, అవే ఏళ్లలో తన తూర్పు తీరానికి ఎవరి ఓడ వస్తోందో తెలిసేది కాదు.

1804 సెప్టెంబరు 15న విశాఖ రేవులో జరిగింది చూడండి. ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ మారెంగో అనే పెద్ద యుద్ధనౌకతో, రెండు ఫ్రిగేట్లతో వచ్చి పడ్డాడు. రేవులో 50 ఫిరంగుల సెంచూరియన్, రెండు వర్తక నౌకలు లంగరేసి ఉన్నాయి. సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ ఆ సమయానికి ఒడ్డున ఉన్నాడు. పోరు మొదలుపెట్టింది లెఫ్టినెంట్ ఫిలిప్స్. ఒక వర్తక నౌక శత్రువుకు చిక్కింది, ఇంకొకటి ఒడ్డుకు కొట్టుకొచ్చి బద్దలైంది. సెంచూరియన్ మాత్రం లొంగలేదు. ఆనాటి తీరానికి నిఘా అంటే దుర్భిణి, జెండా సంకేతాలే. పక్క రేవుకు కబురు చేరేసరికి శత్రువు వెళ్లిపోయేవాడు. ఈ కథలో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ జాప్యమే. చూసే కళ్లు లేక కాదు, చూసినవాడి మాట అవసరమైనవాడికి వేళకు అందక తీరం దెబ్బతింది.

తంతి వచ్చాక కూడా పెద్ద మార్పు లేదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ వచ్చేసరికి మద్రాసు దీపాల వెలుగులోనే ఉంది. చమురు ట్యాంకులు తగలబడ్డాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. 1971 డిసెంబరులో విశాఖ బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. ఎలా మునిగిందన్నది నేటికీ వివాదమే. తేలివచ్చిన శిథిలాల సంగతి నౌకాదళానికి చెప్పింది మాత్రం జాలర్లు.

ఈ చివరి సంగతికి దక్కాల్సినంత విలువ ఆ తర్వాత చాలాకాలం దక్కలేదని నా అభిప్రాయం.

2008 నవంబరులో ముంబైపై దాడికి వచ్చినవారు వాడుకున్నది కుబేర్ అనే చేపల బోటును. నౌకాదళం, కోస్ట్ గార్డ్, కస్టమ్స్, పోలీసు, మత్స్యశాఖ ఎవరి దస్త్రం వారిది అన్నట్టు నడిచిన పద్ధతికి అక్కడితో తెరపడింది. 2009 ఫిబ్రవరిలో తీరభద్రత మొత్తం బాధ్యతను నౌకాదళానికి అప్పగించారు. సమాచారం ఒకచోట చేరేలా ముంబై, కొచ్చి, పోర్ట్ బ్లెయిర్‌లతో పాటు విశాఖలోనూ ఉమ్మడి కార్యకలాపాల కేంద్రం వచ్చింది. తీరంలో రాడార్లు, కెమెరాల వరుస వెలిసింది. 51 నౌకాదళ, కోస్ట్ గార్డ్ స్థావరాలను కలిపే గురుగ్రామ్ కేంద్రం 2014 నవంబరులో ప్రారంభమైంది. పెద్ద ఓడలు తమ పేరు, దారి, వేగం ఏఐఎస్ పరికరం ద్వారా తామే చెప్పుకుంటాయి.

తెప్పలు, చిన్న ఫైబర్ బోట్లు ఆ లెక్కలోకి రావు. పైగా అలల మధ్య వాటిని రాడార్ పట్టడమూ కష్టమే. మన్రో సర్వేలో పేరెక్కిన రైతుకు పట్టా దక్కింది. జాలరికీ అలాంటి ప్రతిఫలం ఏదో చూపనిదే, తన బోటు జాడ సర్కారుకు చెప్పమంటే ఊరికే ఒప్పుకోడు. చేపలున్న చోటు, తుపాను హెచ్చరిక, ఆపదలో పిలుపు అందించే ఇస్రో ట్రాన్స్‌పాండర్లలో ఆ ప్రతిఫలం ఉంది. దేశమంతటా లక్ష బోట్లకు వాటిని అమర్చే 364 కోట్ల రూపాయల పథకం 2024 ఆగస్టు 30న మొదలైంది.